దేవదాసుకు ముందూ... వెనకా...

బెజవాడ రైల్వేస్టేషను. 1944వ సంవత్సరం. నాటకాలాడుతూ ఊళ్లు తిరిగే ఓ సన్నపాటి కుర్రాడు దర్శక నిర్మాత ఘంటసాల బలరామయ్య కంట్లో పడ్డాడు. ఆయన తీస్తున్న 'సీతారామ జననం'కి రాముడు కావాలి. చివరికి దొరికింది ఎవరయ్యా అంటే... అప్పటిదాకా స్టేజీ మీద చీరకట్టుకుని కన్నీళ్లు పెట్టించిన కుర్రాడు! కోదండం పట్టడానికి మద్రాసు రైలెక్కాడు. వయసు 19 ఏళ్లు. పేరు అక్కినేని నాగేశ్వరరావు.

ఈ స్టేషను కథ తెలుగునాట చాలామందికి తెలిసిందే. అంతగా చెప్పుకోనిది ఆ తర్వాతి కథ. మద్రాసు చేరాక పన్నెండు పదమూడేళ్లలో ఆ కుర్రాడు ఎన్నిసార్లు దారి మార్చాడో లెక్కపెడితే ఆశ్చర్యం వేస్తుంది. జనం 'ఇతనింతే' అని ముద్ర వేసిన ప్రతిసారీ ఆ ముద్ర ఆరకముందే చెరిపేసుకున్నాడు. అక్కినేని పేరెత్తగానే ఇప్పటికీ దేవదాసు అనేస్తారు. దేవదాసు తప్ప ఇంకేమీ కాకుండా పోయే ప్రమాదం ఆయనకు నిజంగానే వచ్చింది. దాన్నుంచి ఎలా బయటపడ్డాడన్నదే ఆయన పడుచు వయసు పాత్రల్లో అసలు విశేషం.

చంద్రమతి నుంచి బాలచంద్రుడిదాకా

గుడివాడ దగ్గర రామాపురంలో 1924 సెప్టెంబరు 20న పుట్టాడు నాగేశ్వరరావు. పెద్దగా ఆస్తిపాస్తులు లేని రైతు కుటుంబం. చదువు చిన్న తరగతులతోనే ఆగిపోయింది. (ఆ చదువు ఆగినవాడి పేరే తర్వాత గుడివాడ కాలేజీకి పెట్టారు. అది వేరే కథ.) బడి పోయినా నాటకం మిగిలింది. ఆడవాళ్లు స్టేజీ ఎక్కని రోజులు. మీసం రాని మగపిల్లలకే ఆడవేషాలు. 'హరిశ్చంద్ర', 'కనకతార', 'విప్రనారాయణ' లాంటి నాటకాల్లో ఆరితేరాడు. గ్యాసులైట్ల వెలుగులో, చివరి వరసలో కూర్చున్న రైతు కూడా కొంగు తీసి కళ్లొత్తుకునేలా ఏడవాలి. అయినా అతి అనిపించకూడదు. ఆ చదువు ఏ కాలేజీలోనూ దొరకదు.

1941లో పి.పుల్లయ్య తీసిన 'ధర్మపత్ని'లో కనిపించీ కనిపించని వేషం ఒకటి వేశాడు. ఆ సంగతి గుర్తుంచుకోవాలి. పుల్లయ్య పేరు మళ్లీ వస్తుంది.

రాముడి తర్వాత 'మాయాలోకం', 'ముగ్గురు మరాఠీలు' వచ్చాయి. వాటికంటే చెప్పుకోవాల్సింది 1947 నాటి 'పల్నాటి యుద్ధం'. గూడవల్లి రామబ్రహ్మం మొదలుపెట్టి, మధ్యలోనే కన్నుమూస్తే ఎల్వీ ప్రసాద్ పూర్తిచేసిన సినిమా. నాయకురాలు నాగమ్మగా కన్నాంబ, బ్రహ్మనాయుడిగా గోవిందరాజుల సుబ్బారావు. ఇద్దరూ కొండల్లాంటి నటులు. వాళ్ల మధ్య పాతికేళ్లు నిండని కుర్రాడు బాలచంద్రుడు. నాగేశ్వరరావు ఆ పెద్దలతో పోటీపడి అరవలేదు. చావుకు వెళుతున్నానని తెలిసీ ఉత్సాహపడే పసితనం చూపించాడు. అదే ఆ పాత్రకు ప్రాణం.

అయితే గొంతు ఒక సమస్య. ఆడవేషాలకు పనికొచ్చిన సన్నటి గొంతు వీరుడికి చాలదన్నారు. అప్పట్లో ఎవరి పాట వాళ్లే పాడుకోవాలి. తొలి సినిమాల్లో ఆయనా పాడుకున్నాడు. 1948లో 'బాలరాజు' వచ్చేసరికి పాట బాధ్యత ఘంటసాల వెంకటేశ్వరరావు తీసుకున్నాడు. ఆయనదీ గుడివాడ ప్రాంతమే, చౌటపల్లి. పక్కపక్క ఊళ్లవాళ్లు మద్రాసులో కలిసి, ఒకరు పెదవి కదిపితే మరొకరు గొంతిచ్చారు. 'బాలరాజు' ఘనవిజయం సాధించింది. తెలుగు సినిమాకు కొత్త హీరో దొరికాడు.

కీలుగుర్రం దిగాక

1949లో మీర్జాపురం రాజా తీసిన 'కీలుగుర్రం' ఆ హీరోని ఆకాశానికి ఎత్తేసింది. మాటవరసకు కాదు, నిజంగానే! మరమనిషి అన్న మాటే పల్లెలకు తెలియని కాలంలో ఎగిరే మరగుర్రం. పగలు అందాల రాణి, రాత్రిళ్లు రాక్షసి అయిన అంజలీదేవి. ఇక నిర్మాతలకు నాగేశ్వరరావంటే కత్తి, కిరీటం, రాకుమారి. ఆ ఏడాదే భానుమతితో చేసిన 'లైలా మజ్ను' మాత్రం అందులో ఇంకో మనిషి కూడా ఉన్నాడని చెప్పింది. ప్రేమకోసం పిచ్చివాడై ఎడారిలో తిరిగే మజ్ను, రాబోయే దేవదాసుకు వరసకు అన్నగారు.

ఈలోగా నిమ్మకూరు నుంచి వచ్చిన మరో కృష్ణాజిల్లా కుర్రాడు తెరకెక్కాడు. 1951లో 'పాతాళభైరవి' విడుదలయ్యాక జానపద వీరుడంటే ఎన్టీ రామారావే. ఆ ఒడ్డూ పొడుగూ, ఆ గొంతూ కత్తికి అతికినట్టు సరిపోయాయి. ఇంకొకరైతే పంతానికి పోయి మరో నాలుగు కత్తులు తిప్పేవారు. నాగేశ్వరరావు ప్యాంటూ చొక్కా, పంచె లాల్చీల వైపు తిరిగాడు. 1950లో రామారావుతో కలిసి చేసిన 'సంసారం' అప్పటికే ఆ దారి చూపించింది.

బెంగాలీ కథ, డెల్టా మనుషులు

'దేవదాసు' ఒక్కసారిగా పూర్తవలేదు. మొదలై, ఆగి, వినోదా సంస్థ మధ్యలో వేరే సినిమాలు తీసుకుని మళ్లీ చేతబట్టింది. కీలుగుర్రం ఎక్కినవాడు శరత్ బాబు దేవదాసు ఏమిటన్న పెదవి విరుపులు తప్పలేదు. పైగా అప్పటికే హిందీలో సైగల్ ఆ పాత్రను తన సొంతం చేసుకున్నాడు.

1953 జూన్ 26న విడుదలైన ఈ సినిమా పేర్లు ఒకసారి చూస్తే సరదాగా ఉంటుంది. దర్శకుడు వేదాంతం రాఘవయ్య - కూచిపూడి. కథను మలచినవాడు, శరత్ నవలల్ని తెలుగువాళ్లకు దగ్గర చేసిన చక్రపాణి - తెనాలి. పాటల సముద్రాల రాఘవాచార్య - రేపల్లె వైపు పెదపులివర్రు. పార్వతి వేసిన సావిత్రి - చిర్రావూరులో పుట్టి బెజవాడలో పెరిగిన పిల్ల. గొంతు చౌటపల్లి, ముఖం రామాపురం. కథ బెంగాల్ నుంచి వస్తే, దాన్ని మోసింది కృష్ణకు అటూ ఇటూ ఉన్న మాగాణి ఊళ్లు. సంగీతం మాత్రం సి.ఆర్.సుబ్బరామన్‌ది. సినిమా విడుదల చూడకుండానే ఆయన వెళ్లిపోయాడు.

తాగుబోతు పాత్రంటే తూలడం, నాలుక మడతపడటం అనుకునే రోజులవి. నాగేశ్వరరావు వాటిని పక్కనపెట్టి కళ్లమీద ఆధారపడ్డాడు. ఆ బరువైన రెప్పల కోసం చాలా సన్నివేశాలు రాత్రిళ్లు తీశారు. నిద్రలేని మనిషికి మేకప్ అక్కర్లేదు కదా! కుక్కను పక్కన పెట్టుకుని లోకాన్ని చూసి నవ్వే దేవదాసు ముఖంలో ఏడుపు కనిపించదు. నవ్వే కనిపిస్తుంది. చూసేవాళ్లకు ఏడుపొచ్చేది అందుకే. సగం సినిమాలో చదువుకున్న జమీందారు కొడుకు. తండ్రి ఎస్వీ రంగారావు ముందు నోరెత్తలేని పిరికివాడు. పార్వతి నుదుటిమీద గాయం చేసినప్పుడు ఆ పిరికితనమే కోపంగా మారుతుంది. ఆ కోపం చల్లారిన క్షణంనుంచే అతని పతనం మొదలవుతుంది. తాగుడు సన్నివేశాలను అందరూ మెచ్చుకుంటారుగానీ, తాగుడుకు ముందున్న ఆ పిరికివాణ్ని చూపించడమే కష్టం. చివర బండిలో దగ్గుతూ దుర్గాపురం చేరి, పార్వతి గుమ్మం ముందే ప్రాణం వదిలేసరికి హాళ్లు హోరుమన్నాయి.

1955లో బిమల్ రాయ్ దర్శకత్వంలో దిలీప్ కుమార్ దేవదాసయ్యాడు. 1974లో కృష్ణ, విజయనిర్మల తెలుగులో మళ్లీ తీశారు. అయినా తెలుగువాడి గోడమీద శాలువా కప్పుకుని కూర్చున్న బొమ్మ మారలేదు.

దేవదాసును వదిలించుకున్న ఏడాది

అసలు చిక్కు అక్కడే వచ్చింది. ఒక పాత్ర అంతగా అతుక్కుంటే నటుడికి ఊపిరాడదు. ఇక వచ్చే నిర్మాతల్లా సీసా, దగ్గు, శాలువాతోనే వస్తారు. నాగేశ్వరరావు ఏం చేశాడు? విజయావారు 'మిస్సమ్మ' తీస్తున్నారు. హీరో రామారావు, హీరోయిన్ చివరికి సావిత్రి. అందులో డిటెక్టివ్‌నని చెప్పుకుని తిరిగే రాజు పాత్ర ఉంది. నవ్వులపాలయ్యే రెండో వేషం. దేవదాసు ముద్ర పోవాలంటే అదే మందు అనుకుని కావాలని తీసుకున్నాడు!

అది ఎంత సాహసమో మిగతా భాషలు చూస్తే తెలుస్తుంది. ఇదే సినిమా తమిళంలో ఆ వేషం వేసింది హాస్యనటుడు తంగవేలు. హిందీ 'మిస్ మేరీ'లో కిశోర్ కుమార్. తెలుగులో మాత్రం అప్పటికి పేరున్న విషాద కథానాయకుడు. తప్పిపోయిన అమ్మాయి జాడకోసం అందరి కాళ్లూ అనుమానంగా చూసుకుంటూ, తానే మహా పరిశోధకుడినన్న బింకంతో తిరిగే రాజు ఎక్కడా 'నేను నవ్విస్తున్నాను' అన్నట్టు ఉండడు. తన పని తనకు మహా గంభీరం. అందుకే అంత నవ్వు. 1955 జనవరి 12న 'మిస్సమ్మ' వచ్చింది.

అదే జనవరిలో 'అర్ధాంగి' కూడా విడుదలైంది. దర్శకుడు ఎవరనుకున్నారు? పద్నాలుగేళ్ల క్రితం 'ధర్మపత్ని'లో చిన్న వేషమిచ్చిన పుల్లయ్యే. ఇందులో నాగేశ్వరరావు బుద్ధి ఎదగని జమీందారు కొడుకు. పెళ్లాడి వచ్చిన సావిత్రి అతన్ని మనిషిని చేస్తుంది. ఒక హాల్లో అన్నీ తెలుసనుకునే డిటెక్టివ్, పక్క హాల్లో ఏమీ తెలియని అమాయకుడు! చొక్కా గుండీ పెట్టుకోవడం రాని ఆ చేతులు, భార్య ముఖంకేసి బెదురుగా ఎత్తే ఆ చూపు... ఆడవేషాల నాటి మెత్తదనమంతా ఇక్కడ పనికొచ్చింది. ఆయన మంచి పాత్రల్లో దీనికి రావాల్సినంత పేరు రాలేదనిపిస్తుంది. సావిత్రి అంత బాగా చేయడమూ అందుకు ఒక కారణం కావచ్చు.

ఆ ఏడాదే 'రోజులు మారాయి'. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి రెండేళ్లు కూడా కాలేదు. దున్నేవాడిదే భూమి అన్న మాట కృష్ణా జిల్లా గట్లమీద మోగుతున్న రోజులు. ఫిబ్రవరిలోనే హోరాహోరీ ఎన్నికలు జరిగాయి. తాపీ చాణక్య దర్శకత్వంలో భూస్వామికి ఎదురుతిరిగే రైతుబిడ్డ వేషం నాగేశ్వరరావుది. ఈ వేషానికి ఆయన దేన్నీ నేర్చుకోనక్కర్లేదు. పంచె ఎగ్గట్టడం, గట్టుమీద నడవడం రామాపురంలోనే వచ్చేశాయి. సినిమా పేరెత్తితే వహీదా రెహమాన్ నాట్యం చేసిన ఏరువాక పాటే ముందు గుర్తొస్తుంది. పాట పక్కనపెట్టి ఆ రైతును చూడండి. దేవదాసు జాడే ఉండదు.

ఆ తర్వాత 'దొంగరాముడు'. నాటకాల రోజులనుంచీ తనను ఎరిగిన దుక్కిపాటి మధుసూదనరావుతో కలిసి పెట్టుకున్న అన్నపూర్ణా సంస్థకు అదే తొలి సినిమా. దర్శకుడిగా కేవీ రెడ్డే కావాలని, ఆయనకు తీరికయ్యేదాకా ఏళ్లు ఆగారు. చెల్లెలికోసం దొంగైన అన్న కథ. తమాషా ఏమిటంటే, జనవరిలో 'మిస్సమ్మ'లో నాగేశ్వరరావు ఏడిపించిన మరదలు జమునే ఇక్కడ చెల్లెలు. ప్రేక్షకులు కిక్కురుమనకుండా ఒప్పుకున్నారు! 'అనార్కలి'లో సలీం వేషమూ అదే ఏడాది వేశాడు. అమాయకుడు, డిటెక్టివ్, రైతు, దొంగ, మొగలాయి యువరాజు. అన్నీ ఒక్క 1955లో.

మాయాబజారు పడవలో

ఆ తర్వాత ఇక ముద్రల భయం లేకపోయింది. 1956 నాటి 'తెనాలి రామకృష్ణ'లో రామారావు రాయలైతే ఆయన వికటకవి. 1957లో 'మాయాబజార్'లో అభిమన్యుడు. కథంతా కృష్ణుడిది, ఘటోత్కచుడిది, మాయాశశిరేఖది. అభిమన్యుడికి మిగిలింది ప్రేమించడం, ఎదురుచూడటం, ఒక పడవ షికారు. అలిగేవాళ్లు అలిగేవారే. ఆయన ఆ కొద్దిపాటిలోనే పదహారేళ్ల దుడుకుతనం చూపించి ఊరుకున్నాడు. అప్పటికి ఆయన వయసు 32. పదేళ్ల కిందటి బాలచంద్రుడి పౌరుషం ఆ కనుబొమల్లో ఇంకా ఉంది. అదే ఏడాది 'సువర్ణసుందరి'తో మళ్లీ జానపదంలోకీ వెళ్లాడు. తాను వదిలేసిన కత్తిని తనంత తానుగా ఎత్తి చూపించినట్టు!

ఆ గొంతు సంగతి ఒకటి మిగిలిపోయింది. సన్నగా ఉందన్న గొంతునే సాధన చేసి, మాటను నమిలి, ఆపి, విరిచి పలికే ఒక పద్ధతి చేసుకున్నాడు. ఆ పద్ధతిని మిమిక్రీ కళాకారులు కొన్ని తరాలపాటు అనుకరించారు. 2013లో క్యాన్సర్ అని తెలిసింది. అప్పటికి కొడుకు, మనవలతో కలిసి 'మనం'లో నటిస్తున్నారు. డబ్బింగు ఇంకెవరిచేతా చెప్పించడానికి ఒప్పుకోలేదు. స్టూడియోకు వెళ్లలేని స్థితిలో ఇంట్లోనే ఏర్పాట్లు చేయించుకుని తన మాటలు తానే చెప్పారు. 2014 జనవరి 22న కన్నుమూశారు. సినిమా మే 23న విడుదలైంది. అందులో వినిపించేది ఆయన గొంతే.