విండ్‌షీల్డ్: ఎత్తు కాదు, గాలి అంచు చూడాలి

మోటార్‌సైకిల్ విండ్‌షీల్డ్ చేయవలసిన పనులు రెండు. ఎదురుగాలిని ఛాతీ మీద పడకుండా తప్పించడం మొదటిది. అలా తప్పించిన గాలి తలకు కొట్టకుండా పైకో పక్కకో వెళ్లేలా చూడడం రెండోది. మొదటి పని దాదాపు ప్రతి అద్దమూ చేస్తుంది. రెండోది చేసేవి తక్కువ. కొత్త అద్దం బిగించాక ఛాతీకి హాయిగానే ఉన్నా హెల్మెట్ మాత్రం ముందుకన్నా ఎక్కువ ఊగుతోందని బండి నడిపేవాళ్లు చెప్పడం వెనక ఉన్న కారణం ఇదే. అలాంటప్పుడు ఇంకా పెద్ద అద్దం కొనడం చాలామంది చేసే పని. చాలాసార్లు దానితో బాధ తగ్గదు, పెరుగుతుంది.

గాలి ఒత్తిడి వేగంతో పాటు సమానంగా పెరగదు, వేగం వర్గంతో పెరుగుతుంది. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో చదరపు మీటరు మీద పడే ఒత్తిడి సుమారు 7 కిలోల బరువుతో సమానం. 60లో అది 16 కిలోలు, 80లో 29 కిలోలు. కోనసీమ కాలవ గట్ల మీద 40లో వెళ్లే బండికి అద్దం అవసరమే లేదు. రాజమహేంద్రవరం నుంచి విజయవాడకో విశాఖకో 16వ నంబరు జాతీయ రహదారి మీద రెండు మూడు గంటలు ఆగకుండా వెళ్లేవాళ్ల సంగతి వేరు. పైగా గోదావరి డెల్టాలో గాలి నిలకడగా ఉండదు. మధ్యాహ్నం దాటాక సముద్రం మీది నుంచి గాలి తిరుగుతుంది. దానికి ఎదురుగా వెళ్తున్నప్పుడు స్పీడోమీటర్ 80 చూపిస్తున్నా, గాలి వేగం మరో 25 కిలోమీటర్లు ఉంటే, ఒంటికి తగిలేది 105 కిలోమీటర్ల గాలి. అప్పుడు ఆ 29 కిలోలు కాస్తా 50 అవుతాయి.

అయితే మనిషిని అలసటకు గురిచేసేది ఈ ఒత్తిడి కన్నా ఎక్కువగా గాలి కుదుపు. ఒకే తీరుగా వచ్చి తోసే గాలికి మెడ, భుజాలు కాసేపటికి అలవాటు పడతాయి. క్షణానికోసారి దిశ మార్చి కొట్టే గాలికి అలవాటు పడవు. వరద రోజుల్లో రాజమహేంద్రవరం రోడ్ కం రైల్ బ్రిడ్జి మీద నిలబడి కిందికి చూస్తే ఈ సంగతి కంటికి కనిపిస్తుంది. స్తంభానికి ఎదురుగా నీళ్లు ఒక తీరుగా వస్తాయి. స్తంభం దాటాక ఒకసారి కుడి అంచు నుంచి, ఒకసారి ఎడమ అంచు నుంచి సుడులు విడిపోయి దిగువకు కొట్టుకుపోతాయి. ఇలా వంతులవారీగా సుడులు పుట్టే తీరును థియోడర్ వాన్ కార్మన్ 1911–12 ప్రాంతంలో గణితంతో వివరించాడు. అందుకే ఆ సుడుల వరసకు ఆయన పేరు పెట్టారు. విండ్‌షీల్డ్ పై అంచు దాటిన గాలి కూడా సుడులుగా విరుగుతుంది. రైడర్ తల ఆ సుడుల దారిలో ఉంటే, ప్రతి సుడీ హెల్మెట్‌ను ఓ తోపు తోసి పోతుంది. సెకనుకు పలుమార్లు అలా జరిగితే దూరంగా ఉన్న బోర్డు మీద అక్షరాలు కూడా అలుక్కుపోయినట్టు కనిపిస్తాయి.

దీనికి తోడు మోత. హెల్మెట్ లోపల గాలి చప్పుడు 60 కిలోమీటర్ల వేగంలోనే 90 డెసిబెల్స్ దగ్గరకు చేరుతుందని, 160లో 110 వరకు పోతుందని విదేశాల్లో చేసిన కొలతలు చూపించాయి. రోజుకు ఎనిమిది గంటలు పనిచేసేచోట చప్పుడు 85 డెసిబెల్స్ దాటితే చెవులకు చేటని వృత్తి ఆరోగ్య నిపుణులు హద్దు పెట్టారు. కాబట్టి కుదుపు తగ్గించే అద్దం సౌఖ్యం కోసం చేసే విలాసం కాదు. నెలకు పదిసార్లు దూరప్రయాణం చేసే మనిషి చెవులకు అది రక్షణ.

అద్దం వెనక జరిగేది ఇంకొకటి ఉంది. చాలామంది పట్టించుకోనిది కూడా ఇదే. గాలిని అద్దం పక్కకు నెట్టేసిన చోట, దాని వెనక అల్పపీడనం ఏర్పడుతుంది. ఆ ఖాళీని నింపడానికి చుట్టుపక్కల గాలి లోపలికి దూసుకొస్తుంది. పై అంచు దాటి పోవలసిన గాలి కూడా కిందికి వంగి రైడర్ ముఖం మీద పడుతుంది. వెనక నుంచి ఎవరో వీపు మీద నెడుతున్నట్టు ఉందని కొందరు చెప్పేది ఈ స్థితినే. అద్దం ఎంత పెద్దదైతే, కింద ఎంత బిగుతుగా మూసుకుపోతే, ఈ లాగుడు అంత ఎక్కువ. దీనికి మందు అద్దం అడుగున సందు వదలడం. హెడ్‌లైటుకూ అద్దానికీ మధ్య రెండు మూడు సెంటీమీటర్ల సందు ఉంటే, అక్కడి నుంచి కొంత గాలి లోపలికి చేరి పీడనాన్ని సరిచేస్తుంది. అప్పుడు పైనుంచి పోయే గాలి కిందికి వంగదు. దూరప్రయాణాల బళ్లకు కంపెనీలు బిగించే అద్దాల అడుగున, లేదా మధ్యలో, చిన్న కిటికీలాంటి ఖాళీ కనిపిస్తుంది. అలంకారమని అనిపించే ఆ ఖాళీకి ఇంత పని ఉంది.

మోటార్‌సైకిళ్ల చరిత్రలో ఈ లెక్క తేలడానికి చాలా కాలమే పట్టింది. ఇటలీలో మోటో గుజ్జీ 1950లో మండెల్లో దెల్ లారియోలోని తన కర్మాగారంలోనే గాలి సొరంగం కట్టుకుంది. రేసు బళ్లు, వాటి మీద కూర్చునే మనుషులు నిజంగా ఎంత గాలిని చీలుస్తున్నారో అక్కడ కొలిచేవారు. అమెరికాలో క్రెయిగ్ వెటర్ 1971లో తెచ్చిన విండ్‌జామర్ ఏ బండికైనా తగిలించుకోగల పెద్ద తొడుగు (ఫెయిరింగ్). 1976లో వచ్చిన బీఎండబ్ల్యూ ఆర్100ఆర్‌ఎస్ తొడుగు గాలి సొరంగంలోనే రూపు దిద్దుకుంది. మన దేశంలో 2003 నాటి హీరో హోండా కరిజ్మా అద్దంతో ఉన్న ముందు తొడుగును కుర్రకారుకు పరిచయం చేసింది. 2016లో రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ చిన్న అద్దంతోనే షోరూముకు వచ్చింది. 2020లో అదే కంపెనీ మీటియర్ 350లో ఒక రకానికి పెద్ద అద్దం జోడించింది. విడిగా కొని బిగించుకునేవాటికి ఇప్పుడు లెక్కే లేదు. స్పేర్ పార్టుల కొట్లో వాటిని ‘వైజర్’ అని అడిగినా ఇస్తారు.

ఇక ఎంపిక. విదేశీ అద్దాల కొలతలు గంటకు 110, 130 కిలోమీటర్ల రోడ్లకు వేసుకున్నవి. ఇక్కడ కేంద్ర రవాణా శాఖ 2018లో ప్రకటించిన హద్దుల ప్రకారం, మధ్యలో డివైడర్ ఉన్న నాలుగు వరసల రోడ్డు మీద ద్విచక్రవాహనానికి గరిష్ఠ వేగం 80, ఇతర రోడ్ల మీద 60. ఆ వేగానికి గోడలాంటి అద్దం అక్కర్లేదు. ఛాతీని కాపాడి, గాలిని భుజాల పైకి లేపే మధ్యరకం అద్దం సరిపోతుంది. మామూలుగా కూర్చుని ఎదురుగా చూసినప్పుడు అద్దం పై అంచు ముక్కు, గడ్డాల మధ్య ఎత్తులో ఉండాలి. చూపు అద్దం పైనుంచి పోవాలే గానీ అద్దంలోంచి పోకూడదు. డెల్టాలో ఇది కచ్చితంగా పాటించవలసిన నియమం. కారు అద్దానికి వైపర్ ఉంటుంది, దీనికి ఉండదు. అమలాపురం, రాజోలు మీదుగా పోయే 216వ నంబరు రహదారి మీద ముసురు పట్టిన రాత్రి ఎదురుగా లారీ వస్తే, చినుకులు అంటుకున్న అద్దంలోంచి కనిపించేది చెదిరిన వెలుగే. వరి కోతల కాలంలో సాయంత్రాలు దీపాల మీదికి ముసిరే పురుగులు కూడా అద్దాన్ని అరగంటలో మసకబరుస్తాయి.

ఎత్తు మనిషిని బట్టి మారుతుంది. ఒకే బండి మీద ఐదడుగుల నాలుగంగుళాల మనిషికి హాయిగా ఉన్న అద్దం, ఆరడుగుల తమ్ముడి గడ్డానికి సరిగ్గా సుడులు తెచ్చి కొట్టవచ్చు. అందుకని స్నేహితుడి బండికి బాగుందని కొనడం మంచి పద్ధతి కాదు. ఉన్న అద్దంతోనే ఒక పరీక్ష చేసుకోవచ్చు. ఖాళీ రోడ్డు మీద, నిలకడగా 60లో వెళ్తూ, చూపు రోడ్డు మీద నుంచి తిప్పకుండా తల కొద్దిగా కిందికి వంచాలి. మోత ఒక్కసారిగా తగ్గితే అద్దం దాటి వచ్చే గాలి అంచు తలకు కాస్త కింద పడుతోందని అర్థం. అద్దం రెండు మూడు అంగుళాలు పెరిగితే చాలు. తల ఎత్తి నిటారుగా సాగినప్పుడు మోత తగ్గితే, ఉన్నదానికన్నా చిన్న అద్దం కావాలి. ఎటు కదిలినా కుదుపు మారకపోతే అసలు దోషం పై అంచులో లేదు. ఫోర్కుల మధ్య నుంచి, ట్యాంకు పక్కల నుంచి గాలి పైకి లేస్తోంది. దానికి అద్దం మార్చడం వృథా. ఫోర్కుల దగ్గర చిన్న రెక్కలాంటి అడ్డు పెడితే తగ్గుతుంది.

కొత్త అద్దం కొనే ముందు ఉన్నదాని వాలు మార్చి చూడడం మేలు. బోల్టు కింద రబ్బరు వాషర్లు వేసి పై అంచును కాస్త ముందుకో వెనక్కో వాలిస్తే గాలి పడే చోటు మారిపోతుంది. నాలుగైదు డిగ్రీల తేడాకే ఫలితం తెలుస్తుంది. పై అంచుకు క్లిప్పుతో తగిలించే చిన్న పలక దొరుకుతుంది. దానికీ అద్దానికీ మధ్య సందు ఉంటుంది కాబట్టి, అది పెద్ద అద్దం చేయలేని పని చాలాసార్లు చేస్తుంది. ఖర్చు కూడా తక్కువ.

పెద్ద అద్దానికి ఉన్న మరో ప్రమాదం పక్కగాలి. కొబ్బరి తోటల మధ్య సాగే రోడ్డు మీద గాలి తెలియదు. జొన్నాడ దాటి గౌతమి వంతెన ఎక్కగానే, సిద్ధాంతం దగ్గర వశిష్ఠ పాయ మీదికి రాగానే, చించినాడ దగ్గర, ఎదుర్లంక–యానాం మధ్య, ఆ చాటు ఒక్కసారి పోతుంది. 1974లో తెరిచిన రోడ్ కం రైల్ బ్రిడ్జి మీద రోడ్డు నాలుగు కిలోమీటర్ల పైనే. రైలు పట్టాల పైఅంతస్తులో ఉండే ఆ దారి మీద నది పొడవునా వచ్చే గాలి బండిని అడ్డంగా కొడుతుంది. హ్యాండిల్‌కు బిగించిన వెడల్పాటి అద్దం ఆ దెబ్బను నేరుగా స్టీరింగ్‌కే అందిస్తుంది. బండి పక్క వరసలోకి జరుగుతుంది. బండి ఫ్రేముకు బిగించిన అద్దం ఆ దెబ్బను బండి మొత్తానికి పంచుతుంది. అందుకే ఫ్రేముకు బిగించే వీలున్న బండికి అదే ఎంచుకోవాలి. హ్యాండిల్‌కు మాత్రమే వీలైతే వెడల్పు తగ్గించాలి.

పదార్థం విషయానికి వస్తే పాలీకార్బొనేట్, యాక్రిలిక్ అనే రెండు రకాలు. పాలీకార్బొనేట్ రాయి తగిలినా పగలదు, కానీ గట్టి పూత లేకపోతే త్వరగా గీతలు పడుతుంది. యాక్రిలిక్ తేటగా ఉంటుంది, గీతలు తక్కువ, దెబ్బ తగిలితే చిట్లుతుంది. గ్రానైట్, ఇసుక లారీల వెనక వెళ్లక తప్పని రోడ్లకు పూత ఉన్న పాలీకార్బొనేటే మంచిది. దాన్ని పెట్రోలు, థిన్నర్, అమోనియా ఉన్న గాజు క్లీనర్‌తో తుడవకూడదు. బోల్టు వదులు కాకుండా వేసే థ్రెడ్‌లాకర్ ద్రవం తగిలినా చిల్లు దగ్గర పగుళ్లు వస్తాయి. ఎండిన పురుగుల మీద తడి గుడ్డ పది నిమిషాలు పరిచి, సబ్బు నీళ్లతో మెత్తగా కడగాలి. పొడి గుడ్డతో రుద్దితే రాత్రి లైట్ల వెలుగులో ఆ గీతలన్నీ కనిపిస్తాయి. వంపు ఎక్కువున్న అద్దం ఎండను ఒకచోట చేర్చి మీటరు ప్లాస్టిక్‌ను కరిగించిన సందర్భాలూ ఉన్నాయి. మే నెలలో బండిని నీడలో నిలపాలి. 45 డిగ్రీలు దాటే ఆ ఎండల్లో అద్దం ఛాతీకి తగిలే గాలిని కూడా ఆపుతుంది కనుక, సులువుగా విప్పి పెట్టుకోగల రకం ఈ ప్రాంతానికి ఎక్కువ ఉపయోగం.

అందం సంగతి ఎవరి ఇష్టం వారిదే అయినా, కంటికి నచ్చే అద్దాల్లో ఒక పోలిక ఉంటుంది. అద్దం కింది అంచు హెడ్‌లైటు వంపును అనుసరిస్తుంది. పక్క అంచుల వాలు ఫోర్కుల వాలుతో కలుస్తుంది. గుండ్రటి హెడ్‌లైటున్న బుల్లెట్‌కు కోణాల అద్దం ఎప్పుడూ అతకదు. లేత పొగ రంగు చాలా బళ్లకు నప్పుతుంది. ముదురు రంగు మాత్రం చూపు అద్దం పైనుంచి పోయేవాళ్లే పెట్టుకోవాలి. క్లాంపులు, స్టీలు కడ్డీలు ఎంత తక్కువ కనిపిస్తే అంత బాగుంటుంది. గాలి లెక్క ప్రకారం ఈ రోడ్లకు సరిపోయే మధ్యరకం అద్దమే బండి ఆకారాన్ని కూడా చెడగొట్టదు. ఇది కొనేవాళ్లకు కలిసొచ్చే విషయం.

ఏది బిగించినా హెడ్‌లైటుకు, ఇండికేటర్లకు అడ్డు రాకూడదు. హ్యాండిల్ రెండు వైపులా చివరిదాకా తిరగాలి, కేబుళ్లు, బ్రేకు గొట్టం ఎక్కడా నొక్కుకోకూడదు. కొత్త అద్దంతో మొదటి ప్రయాణం ఉదయం పూట, గాలి లేని వేళ, తెలిసిన రోడ్డు మీద చేయండి. వంద కిలోమీటర్లు తిరిగాక బోల్టులన్నీ మళ్లీ చూసి, ఆ తర్వాతే గోదావరి వంతెన ఎక్కండి.