చీకటిగది నుంచి కంప్యూటర్ తెర దాకా

మీ ఇంట్లో తాతయ్య, అమ్మమ్మల నాటి నలుపు తెలుపు ఫోటో ఏదైనా ఉందా? ఉంటే ఒకసారి తీసి చూడండి. కెమెరా మీట నొక్కేసరికి ఆ ఫోటో పని సగమే అయింది. మిగతా సగం ఒక చీకటిగదిలో, ఎర్రదీపం వెలుగులో, రసాయనాల తొట్లలో జరిగింది.

ఇప్పుడు సెల్‌ఫోనుతో తీసిన ఫోటో రెప్పపాటులో తెరమీద కనబడుతుంది. మరి ఆ చీకటిగది ఏమైనట్టు? అది కంప్యూటర్ లోపలికి వెళ్లిపోయింది! ఎలాగో తెలుసుకుందాం, రండి.

కనబడని బొమ్మ

ఫిల్ము మీద జిలాటిన్ పూత ఉంటుంది. అందులో వెండి బ్రోమైడ్ స్ఫటికాలు లెక్కలేనన్ని ఉంటాయి. వెలుగు తగిలిన స్ఫటికంలో నాలుగైదు వెండి పరమాణువులు ఏర్పడతాయి. అంతే! కంటికి ఏమీ కనబడదు. కాని బొమ్మ అక్కడ దాగి ఉంది. దీన్ని గుప్త ప్రతిబింబం అంటారు. ఇంగ్లండులో టాల్బట్ అనే ఆయన 1840లో దీన్ని గమనించాడు.

ఫిల్మును డెవలపర్ అనే ద్రావణంలో ముంచితే, ఆ కొద్ది పరమాణువులు ఉన్న స్ఫటికం మొత్తం నల్లని వెండిగా మారిపోతుంది. వెలుగు తగలని స్ఫటికం అలాగే ఉండిపోతుంది. కనుక తెల్లచొక్కా నల్లగా, నల్లజుట్టు తెల్లగా కనబడతాయి. ఇదే నెగెటివ్.

మిగిలిపోయిన స్ఫటికాల సంగతి ఏమిటి? వెలుతురులోకి తెస్తే అవి కూడా మెల్లగా నల్లబడి బొమ్మను మింగేస్తాయి. వాటిని కరిగించి తీసివేయాలి. ఆ పని చేసే రసాయనం సోడియం థయోసల్ఫేట్. ఫోటోగ్రాఫర్లు దాన్ని ‘హైపో’ అంటారు. వెండి లవణాలను అది కరిగిస్తుందని జాన్ హెర్షెల్ అనే శాస్త్రవేత్త 1819లోనే కనిపెట్టాడు. 1839లో ఫోటోలను నిలబెట్టడానికి అదే అక్కరకు వచ్చింది.

మీరే చేసి చూడండి

వెండి లవణాలు మనకు దొరకవు. పసుపు దొరుకుతుంది గదా! రెండు చెంచాల పసుపును కొద్దిగా సర్జికల్ స్పిరిట్‌లో కలిపి బట్టతో వడకట్టండి. స్పిరిట్ ఇట్టే అంటుకుంటుంది. పొయ్యికి, దీపానికి దూరంగా, పెద్దవాళ్లను పక్కన ఉంచుకొని చేయండి. ఆ రసాన్ని దళసరి డ్రాయింగు కాగితానికి కుంచెతో పూసి నీడలో ఆరబెట్టండి. దానిమీద ఒక వేపరెమ్మను పెట్టి, పైన గాజుపలక మోపి, ఎర్రటి ఎండలో మూడు నాలుగు గంటలు ఉంచండి.

ఇప్పుడు రెమ్మను తీసి, కాగితం మీద వంటసోడా కలిపిన నీళ్లు పూయండి. రెమ్మ ఉన్నచోట పసుపు ఎర్రబడుతుంది. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రనవుతుంది గదా, అదే కారణం: క్షారం తగిలితే పసుపు రంగు మారుతుంది. ఎండ తగిలిన చోట పసుపు విరిగిపోయింది కనుక అక్కడ వెలవెలబోతుంది. వెండి వెలుగుకు నల్లబడితే, పసుపు వెలుగుకు వెలిసిపోతుందన్నమాట.

ఈ బొమ్మను గోడకు తగిలిస్తే కొన్నాళ్లకు మాయమవుతుంది. పసుపుకు హైపో వంటి మందు లేదు మరి!

ఎర్రదీపం కింద

నెగెటివ్ గుండా కాగితం మీదికి వెలుగు పంపితే నలుపు తెలుపులు మళ్లీ తారుమారై అసలు బొమ్మ వస్తుంది. నలుపు తెలుపు ఫోటోలు వేసే కాగితానికి ఎర్రని వెలుగు సోకదు. అందుకే ఆ గదిలో ఎర్రదీపం.

ఎన్ని సెకన్లు వెలుగు పంపాలి? కాగితపు ముక్కను అట్టతో కప్పి, కొంచెం కొంచెంగా జరుపుతూ 3, 6, 9, 12 సెకన్లు వెలుగు తగలనిచ్చేవారు. కడిగి చూస్తే ఏది సరిపోయిందో తెలిసేది. ముఖం మరీ నల్లగా వస్తుంటే, తీగకు గుచ్చిన చిన్న అట్టబిళ్లను అక్కడ అడ్డంగా ఆడించేవారు. దీన్ని డాడ్జింగ్ అంటారు. ఆకాశం వెలవెలబోతుంటే, దోసిలిలో సందు చేసి అక్కడికి మాత్రమే ఎక్కువ వెలుగు పంపేవారు. ఇది బర్నింగ్.

వెలుగు అంకెగా మారింది

డిజిటల్ కెమెరాలో ఫిల్ముకు బదులు సిలికాన్ పలక ఉంటుంది. దానిమీద లక్షల గళ్లు ఉంటాయి. ఒక్కొక్క గడిలో పడిన వెలుగును బట్టి ఎలక్ట్రాన్లు పోగవుతాయి. కెమెరా వాటిని కొలిచి అంకె వేస్తుంది. మామూలు ఫోటోల్లో 0 అంటే నలుపు, 255 అంటే తెలుపు. 1975లో అమెరికాలోని కోడాక్ సంస్థలో స్టీవెన్ శాసన్ తయారుచేసిన డిజిటల్ కెమెరాలో పదివేల గళ్లే ఉండేవి. ఒక్క బొమ్మను టేపు మీదికి ఎక్కించడానికి దానికి 23 సెకన్లు పట్టేది!

బొమ్మ అంకెలైతే, దిద్దడం లెక్క చేయడమే. ఒక గడిలో 100 ఉంది. 20 కలిపితే 120, కొంచెం వెలుగు పెరిగింది. మరి మేఘం మీద పక్కపక్కన 240, 250 ఉన్నాయనుకోండి. 20 కలిపితే 260, 270 కావాలి. కాని 255 దాటడానికి వీలులేదు. రెండూ 255 అయిపోతాయి. ఆ తేడాయే మేఘపు మడత, అది పోయింది. ఆ ఫైలును అలాగే భద్రపరిచి, తరవాత 20 తీసివేసినా రెండూ 235 అవుతాయి తప్ప మడత తిరిగిరాదు. నెగెటివ్‌లో లేని వివరాన్ని చీకటిగదిలోనూ ఎవరూ తేలేకపోయారు.

అమెరికాలో థామస్ నోల్ అనే కుర్రవాడు తండ్రిగారి చీకటిగదిలో ఫోటోలు వేయడం నేర్చుకున్నాడు. 1987లో కంప్యూటర్ తెరమీద బొమ్మలు చూపే ప్రోగ్రాం రాయడం మొదలుపెట్టాడు. తమ్ముడు జాన్ తోడయ్యాడు. 1990లో అది ఫోటోషాప్‌గా బయటికి వచ్చింది. అందులో డాడ్జ్ పనిముట్టు గుర్తు పుల్లకు గుచ్చిన బిళ్ల. బర్న్ గుర్తు ముడిచిన చెయ్యి! పాత చీకటిగదిని వాళ్లు మరిచిపోలేదు.

ఎంతవరకు దిద్దవచ్చు?

1982 ఫిబ్రవరిలో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక ఈజిప్టు పిరమిడ్ల ఫోటోను అట్టమీద వేసింది. అడ్డంగా ఉన్న ఫోటో నిలువు అట్టలో పట్టడానికి కంప్యూటర్‌తో రెండు పిరమిడ్లను దగ్గరికి జరిపారు. పెద్ద దుమారం రేగింది. వెలుగు తగ్గించినా, పెంచినా ఎవరూ తప్పుపట్టరు. కాని ఫోటో చూసినవాడు ‘ఇది ఇలాగే ఉంది’ అని నమ్ముతాడు. లేనిచోట పిరమిడ్ ఉంటే ఆ నమ్మకం ఏమవుతుంది?

అందుకే మీరు ఫోటో దిద్దేటప్పుడు ముందుగా నకలు తీసుకోండి. అసలు ఫైలు మీ నెగెటివ్, దాన్ని ముట్టుకోకండి. ఏమేమి మార్చారో ఒక కాగితం మీద రాసుకోండి. తరవాత రెండింటినీ మీ స్నేహితునికి పక్కపక్కన చూపించి అడగండి: ‘‘ఇందులో వెలుగు మారిందా, విషయమే మారిందా?’’