కొన్నది చీరా... క్షణం సంతోషమా?

ఆషాఢం తగ్గింపు ధరల కోసం ఏడాదంతా ఎదురుచూసే రోజులు పోయాయి. ఇప్పుడు పొయ్యి మీద పప్పు ఉడుకుతుంటే ఒక చేత్తో గరిటె, ఇంకో చేత్తో ఫోను. పప్పు దించేలోగా చీర కొనేయొచ్చు! "ఇంకా రెండే మిగిలాయి", "పది నిమిషాల్లో ఆఫర్ అయిపోతుంది" అంటూ ఆ ఫోనే మనల్ని తొందరపెడుతుంది కూడా.

నచ్చింది కొనుక్కోవడం జబ్బేం కాదు. చీరలంటే ఇష్టం లేనిదెవరికి? కానీ కొందరి సంగతి వేరు. పార్శిల్ వచ్చేదాకా ప్రాణం నిలవదు. తీరా వచ్చాక కవరు కూడా విప్పరు. బీరువాలో ధర చీటీ తియ్యని చీరలు మూలుగుతుంటాయి. ఆయన కంట పడకుండా పార్శిళ్లు పక్కింట్లో దింపించుకుంటారు. వాయిదాలకి చీటీపాట డబ్బు చాలక గొలుసు తాకట్టుకి వెళుతుంది. "ఇంక కొననే కొనను" అని ఒట్టు పెట్టుకుంటారు. నాలుగు రోజులు గడిచేసరికి చెయ్యి మళ్లీ ఫోను మీదకే!

వద్దనుకుంటూనే ఎందుకు కొంటున్నట్టు?

జవాబు కొంతవరకు మన మెదడులోనే ఉంది. అక్కడ డోపమైన్ అనే రసాయనం ఉంటుంది. మెదడులో దాని పాత్రను 1950ల్లో బయటపెట్టిన స్వీడన్ శాస్త్రవేత్త ఆర్విడ్ కార్ల్‌సన్‌కి 2000లో నోబెల్ బహుమతి వచ్చింది. తర్వాత వోల్‌ఫ్రామ్ షుల్జ్ అనే శాస్త్రవేత్త కోతుల మీద ప్రయోగాలు చేశారు. ఒక గుర్తు చూపించి, వెంటనే పళ్లరసం ఇచ్చేవారు. కోతికి అది అలవాటయ్యాక డోపమైన్ కణాలు రసం తాగినప్పుడు కాదు, గుర్తు కనిపించగానే చురుగ్గా స్పందించాయట. అంటే ఆ ఉత్సాహమంతా వస్తువులో లేదు, అది వస్తుందన్న ఆశలో ఉంది. చీర చేతికి అందగానే సరదా చప్పబడిపోవడానికి ఇదో కారణం.

అందరికీ ఉండే ఈ ఆశ కొందరిని మాత్రం ఎక్కువగా లాగుతుంది. ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్లలో అదుపులేని కొనుగోళ్లు ఎక్కువగా కనిపిస్తాయని పరిశోధకులు గమనించారు. దృష్టి నిలపలేకపోవడం, ఆగి ఆలోచించేలోపే పని చేసేయడం, ఆలస్యంగా దక్కే ఫలితం కోసం ఓపిక పట్టలేకపోవడం దాని లక్షణాలు.

"అది అల్లరి పిల్లలకొచ్చేది కదా!" అంటారేమో. అక్కడే ఆడపిల్లలకి అన్యాయం జరిగింది. చాలామంది ఆడపిల్లల్లో అది గంతులెయ్యదు, కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంటుంది. "పరధ్యానం పిల్ల", "ఒంటి మీద తెలివి లేదు" అనిపించుకుంటూ పెరుగుతారు. పెళ్లయ్యాక పాలు పొంగిపోయినా, కరెంటు బిల్లు గడువు దాటినా నింద తప్పదు. పిల్లవాణ్ణి డాక్టరుకి చూపించినప్పుడు "అరె, ఇవన్నీ నాకూ ఉన్నాయే!" అని గుర్తుపట్టిన తల్లులున్నారు.

అలాగని ఎక్కువ కొనేవాళ్లందరికీ ఏడీహెచ్‌డీ అని ముద్ర వేయకూడదు. దిగులు, ఒంటరితనం, బైపోలార్ జబ్బు వల్ల కూడా ఇలా జరగొచ్చు. ఏడీహెచ్‌డీ అయితే లక్షణాలు పన్నెండేళ్లలోపే మొదలై ఉండాలి. తేల్చాల్సింది మానసిక వైద్యులే. అవసరమైతే మందులిస్తారు, ఆలోచననీ అలవాట్లనీ మార్చుకునే చికిత్స కూడా చేస్తారు.

ఈలోగా మనమూ కొంత చేయొచ్చు. ఫోనులో దాచిన కార్డు నంబర్లు తీసేయండి. ఆఫర్ల కబుర్లు మోసుకొచ్చే నోటిఫికేషన్లు ఆపేయండి. నచ్చినదాన్ని పుస్తకంలో రాసుకుని మూడు రోజులు ఆగండి. చాలాసార్లు నాలుగో రోజుకి ఆ చీర గుర్తే ఉండదు! నెల ఖర్చుకి వేరే ఖాతా పెట్టుకుని అందులో పరిమితంగానే డబ్బు వేసుకోండి. ఏమీ తోచక ఫోను తీసే వేళ ఏదో గమనించి, ఆ సమయానికి నడకో, కుట్టుపనో, స్నేహితురాలితో మాటలో పెట్టుకోండి. లేని తొందర పుట్టించే ప్రకటనల్ని 2023లో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన మార్గదర్శకాలు తప్పుపట్టాయని కూడా గుర్తుంచుకోండి.

ఇంట్లోవాళ్లకి ఒక మాట. "ఇల్లు గుల్ల చేస్తున్నావు" అని నలుగురిలో తిడితే కొనడం ఆగదు, దాచడం మొదలవుతుంది. ఆ అవమానం మరిచిపోవడానికి మళ్లీ కొంటారు. అప్పు ఎంతుందో కలిసి కూర్చుని లెక్క రాయండి. డాక్టరు దగ్గరికి తోడు వెళ్లండి. ఎవరిని అడగాలో తెలియకపోతే టెలి మానస్ నంబరు 14416కి ఫోన్ చేయండి. 2022లో మొదలైన ఈ ఉచిత సేవలో రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడేవాళ్లుంటారు.

మీ చెల్లెలి బీరువాలోనో, కోడలి మంచం కిందో విప్పని పార్శిళ్లు కనిపిస్తే, "ఎంత పోశావే దీనికి?" అని అడక్కండి. "ఈమధ్య నీ మనసు ఎలా ఉందమ్మా?" అని అడిగి చూడండి.