చెరిపిన ముగ్గు

ద్వారకా తిరుమలలో మా మేనకోడలు ధనుర్మాసమున వేకువనే కళ్ళాపి చల్లి 15 చుక్కల ముగ్గు మొదలిడును. ఒక్క చుక్క రవ్వంత జరిగినచో అంతయు చెరిపి మరల పెట్టును. బడివేళ మించినను లేవదు. చేయిపట్టి లేపితిమా, చెవులు మూసికొని వెక్కివెక్కి యేడ్చును. మొండితనమని మేమును కోపపడితిమి. తలచికొనిన నిప్పటికిని సిగ్గగును.

ఆమెకు ఆటిజమని వైద్యులు చెప్పిరి. 1943లో అమెరికాలో లియో కానర్ అను వైద్యుడు 11 మంది పిల్లలను గూర్చి వ్రాయుచు, అన్నియు ఉన్నవి యున్నట్లే యుండవలెనను వారి యారాటమును పేర్కొనెను. అందఱును ఒక్కతీరున నుండరు గాని, మా పిల్లకు మాత్రము జరిగిన చుక్క కంటిలో నలుసే.

"బాగుగనే యున్నదిలే" యన్న నమ్మదు. చుక్క జరిగినమాట నిజమే గదా! కొండమీది స్వయంభూమూర్తి వక్షఃస్థలము వరకే కానవచ్చును, పాదసేవకై రామానుజులవారు వెనుక పూర్ణమూర్తిని ప్రతిష్ఠించిరని ఐతిహ్యము. సగమే కనబడు స్వామికి పూజ జరుగుటలేదా యని యూరడింపబోతిమి. "అందుకేగా అత్తా, పూర్తిది కూడ పెట్టినారు!" అనెను. మాకు బదులు తోచలేదు.

మా మరదలు వేఱుదారి పట్టెను. ముందురాత్రియే, "రేపు రెండుమార్లు చెరుపవచ్చునమ్మా, ఆరు కొట్టగానే లేతము" అని చెప్పును. ఆ మాట తాను తప్పదు. తప్పిననాడు దినమంతయు చెడును. కొన్నాళ్లు ఏడ్పులు తప్పలేదు. నిరుడు భోగికి ముందునాడు గడియారము ఆరు కొట్టెను. చుక్క యొకటి వంకరగనే యున్నది. పిల్ల క్షణము నిలిచి చూచి, దానిమీద గొబ్బెమ్మ నుంచి లోనికి వచ్చెను.