మైక్రోవేవ్‌లో బుడగ రాని నీళ్లతో జాగ్రత్త!

గ్లాసు నీళ్లు మైక్రోవేవ్ ఓవెన్‌లో పెట్టి కాసేపు వేడి చేస్తాం. తీసి చూస్తే ఒక్క బుడగా కనిపించదు. ఇంకా కాగలేదేమో అనుకుంటూ చెంచాడు ఇన్‌స్టంట్ కాఫీ పొడి వేయగానే నీళ్లు ఒక్కసారిగా ఎగజిమ్మి చేతుల మీద, ముఖం మీద పడతాయి. ఇది అరుదుగానే జరుగుతుంది కానీ కట్టుకథ మాత్రం కాదు. ఇలా చేతులు, ముఖం కాలిన సంఘటనలు తమ దృష్టికి వచ్చాయంటూ అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ వినియోగదారులను హెచ్చరించింది కూడా.

మరిగే ఉష్ణోగ్రతకు చేరితే నీళ్లు మరిగి తీరాలి కదా? అక్కడే ఉంది చిక్కు. మరగాలంటే నీటి లోపల ఆవిరి బుడగ పుట్టాలి. కానీ చిన్న బుడగను నీటి తలతన్యత నలిపేస్తుంది. బుడగ ఎంత చిన్నదైతే దానిపై ఒత్తిడి అంత ఎక్కువ. ఒక మైక్రాన్ వ్యాసార్ధం ఉన్న బుడగ మీద ఇలా పడే అదనపు ఒత్తిడి వాతావరణ పీడనాన్ని మించుతుంది. అలాంటి బుడగ నిలవాలంటే నీరు దాదాపు 120 డిగ్రీల సెల్సియస్‌కు చేరాలి. పాత్ర గోడ మీది గీతల్లోనో, దుమ్ము రేణువుల్లోనో ఇరుక్కున్న గాలి ఉంటే ఈ కష్టం తప్పుతుంది. బుడగ అక్కడి నుంచే మొదలవుతుంది.

పొయ్యి మీద గిన్నె అడుగు నీటికన్నా వేడిగా ఉంటుంది. అందుకే 100 డిగ్రీల దగ్గరే (హైదరాబాద్ ఎత్తులో అయితే ఇంకా రెండు డిగ్రీల ముందే) అడుగునున్న గీతల నుంచి బుడగలు లేస్తాయి. మైక్రోవేవ్‌లో వ్యవహారం తారుమారు. తరంగాలు గాజును, పింగాణీని పెద్దగా వేడి చేయవు, నేరుగా నీటినే వేడి చేస్తాయి. నున్నటి కొత్త గాజు గ్లాసు, ఒకసారి కాచి చల్లార్చడంతో కరిగి ఉన్న గాలి పోయిన నీరు, ఈ రెండూ కలిస్తే బుడగ పుట్టే చోటే ఉండదు. నీరు మరుగు స్థానాన్ని దాటి ద్రవంగానే ఉండిపోతుంది. దీన్నే సూపర్‌హీటింగ్ అంటారు.

ఒక లెక్క వేస్తే తీవ్రత అర్థమవుతుంది. 250 మిల్లీలీటర్ల నీరు మరుగు స్థానం కంటే కేవలం 5 డిగ్రీలు ఎక్కువ వేడెక్కిందనుకుందాం. ఆ అదనపు వేడికి ఆవిరయ్యేది రెండు గ్రాముల పైచిలుకు నీరే. కానీ ఆ ఆవిరికి దాదాపు నాలుగు లీటర్ల చోటు కావాలి! కాఫీ పొడి, చక్కెర, టీ బ్యాగు బుడగలకు వేల కొద్దీ ఆధారాలు ఒకేసారి అందిస్తాయి. ఒక్కోసారి గ్లాసు కుదిపినా చాలు.

ఇక వాట్సాప్‌లో తిరిగే మరో భయం ఉంది: మైక్రోవేవ్‌లో కాచిన నీటి ‘నిర్మాణం’ మారిపోతుందని, మొక్కలకు పోస్తే చస్తాయని. దీనికి ఆధారం లేదు. ఓవెన్‌లోని విద్యుత్ క్షేత్రం సెకనుకు 245 కోట్ల ఆవర్తనాలు చేస్తుంది. దాని వెంట తిరగబోయి నీటి అణువులు పక్కవాటిని ఢీకొంటాయి, వేడి పుడుతుంది. నీటి అణువులోని బంధాన్ని తెంచాలంటే దాదాపు 5 ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి. ఈ తరంగాల ఫోటాన్‌కు ఉన్నది అందులో ఐదు లక్షల వంతు. ఓవెన్ ఆపాక నీళ్లలో మిగిలేది వేడి మాత్రమే.

అసలు ప్రమాదాన్ని తప్పించడం తేలికే. నీళ్లు పెట్టే ముందే అందులో ఒక చెక్క చెంచానో, శుభ్రమైన పుల్లనో వేస్తే దాని రంధ్రాల్లోని గాలి బుడగలకు దారి చూపిస్తుంది. పొడి, చక్కెర ముందే కలిపినా మేలే. ఎక్కువసేపు కాకుండా కొద్దికొద్దిగా వేడి చేయాలి, ఒకసారి కాచిన నీటిని మళ్లీ పెట్టకూడదు. ఆగిన వెంటనే తలుపు తీయకుండా ఒక నిమిషం ఆగితే పైపొర నుంచి కొంత వేడి పోతుంది. గ్లాసు తీసేటప్పుడు దాని మీదికి ముఖం వంచకూడదు. పిల్లలున్న ఇంట్లో, పొయ్యి మీదో ఎలక్ట్రిక్ కెటిల్‌లోనో కాచుకోవడమే మంచిది. వాటిలో నీరు మరుగుతుంటే కంటికి కనిపిస్తుంది, చెవికి వినిపిస్తుంది.