నిమిషానికి ఏడు రెప్పలు

ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న కన్ను మరిచిపోతున్న పని

సోమవారం మీటింగులో ఎడిటర్ గారు చెప్పింది ఒక్క మాట. "ల్యాప్‌టాప్, కళ్లు, తలనొప్పి. ముఖచిత్ర కథనం. బుధవారం సాయంత్రానికి కాపీ కావాలి." ఈ సబ్జెక్టు కోసం ఊళ్లు తిరగక్కర్లేదు. సాయంత్రం ఏడు దాటాక మా డెస్కులో ఏ సొరుగు లాగినా బామ్ సీసా కనిపిస్తుంది. ఒకరు కణతలు నొక్కుకుంటూ ఉంటారు. మరొకరు కళ్లజోడు నుదుటి మీదికి తోసి, అరచేతులతో కళ్లు మూసుకుని కూర్చుంటారు. కళ్లు లాగుతున్నాయి, కంట్లో ఇసుక పోసినట్టుంది, నుదురు బరువెక్కింది... రోజూ వినే మాటలే. మాదాపూర్ హాస్టల్ గదుల్లో మంచం మీద దిండు, దిండు మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని అమెరికా వేళలకు పనిచేసే పిల్లలు ఇంటికి ఫోన్ చేసినప్పుడు అమ్మకు చెప్పేవీ ఇవే.

చదవాల్సినవి చాలా పోగేసుకున్నాను. కానీ ఒక్క కాగితం దగ్గర ఆగిపోయాను. అది పెద్ద పరిశోధనా వ్యాసమేం కాదు. 1993లో ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’కి సుబోటా, నకమోరి అనే ఇద్దరు జపాన్ పరిశోధకులు రాసిన ఉత్తరం. వాళ్లు చేసిన పని వింటే ఇంతేనా అనిపిస్తుంది. 104 మంది ఆఫీసు ఉద్యోగులను కూర్చోబెట్టి రెప్పలు లెక్కపెట్టారు. ఊరికే కూర్చున్నప్పుడు నిమిషానికి సగటున 22 సార్లు రెప్ప వాలింది. పుస్తకం చదువుతున్నప్పుడు 10 సార్లు. కంప్యూటర్ తెర చూస్తున్నప్పుడు 7 సార్లు.

ఇరవై రెండు, పది, ఏడు. మూడు రోజులుగా ఈ మూడు అంకెలూ నన్ను వదల్లేదు.

లెక్క వేసి చూడండి. నిమిషానికి 22 రెప్పలంటే రెప్పకీ రెప్పకీ మధ్య ఎడం మూడు సెకన్ల లోపే. 7 రెప్పలంటే ఆ ఎడం ఎనిమిదిన్నర సెకన్లు. అంతసేపూ కన్ను బార్లా తెరిచే ఉంటుంది. రెప్ప వాలిన ప్రతిసారీ కంటి మీద ఒక తడిపొర పరుచుకుంటుంది. దాని మందం మిల్లీమీటరులో వెయ్యో వంతులు ఓ మూడు. అడుగున జిగురు, నడుమ నీరు, పైన నూనె. రెప్పల అంచుల్లో వెంట్రుకల వెనకే వరసగా చిన్న చిన్న నూనె గ్రంథులుంటాయి. రెప్ప పూర్తిగా మూతపడినప్పుడు వాటిలోంచి నూనె బయటికొస్తుంది. ఆ నూనె మూత లేకపోతే కింది నీరు ఇట్టే ఆవిరైపోతుంది.

ఈ పొర ఎంతసేపు నిలుస్తుందో తేల్చడానికి కంటి డాక్టర్లు చేసే పరీక్ష ఒకటుంది. కంట్లో పసుపు రంగు మందు చుక్క వేసి, రెప్ప వేయొద్దని చెప్పి, నీలి వెలుతురులో చూస్తూ సెకన్లు లెక్కపెడతారు. మెరుస్తున్న పచ్చటి పొర మీద ఎక్కడో ఒకచోట నల్లమచ్చ తేలుతుంది. ఎండిన చెరువు అడుగున మట్టి పైకి తేలినట్టు. పొర అక్కడ చిరిగిందన్నమాట. పది సెకన్ల లోపే చిరిగితే కన్ను పొడిబారే రకమని సాధారణంగా అనుమానిస్తారు. ఇప్పుడా ఎనిమిదిన్నర సెకన్లను దీని పక్కన పెట్టండి. ఆరేడు సెకన్లకే పొర చిరిగే మనిషి తెర ముందు కూర్చుంటే, ప్రతి రెప్పకు ముందూ కొంతసేపు కన్ను ఒట్టి గాలికి ఆరుతుంది. గంటకు నాలుగు వందల సార్లు. అందుకే మంట. "మరి నాకు నీళ్లు కారుతున్నాయి కదా, పొడి కన్నెలా అవుతుంది?" అని చాలామంది అడుగుతారు. ఆరిన కన్ను ఉలిక్కిపడి వదిలే నీళ్లవి. వాటిలో నూనె పాలు తక్కువ, నిలవవు, చెంపల మీదికి జారిపోతాయి.

నిమిషం అన్న మాట గురించి కూడా చెప్పాలి. సంస్కృతంలో నిమిషమంటే రెప్పపాటే. మనం దాన్ని అరవై సెకన్లకు పేరుగా వాడుకుంటున్నాం. పాత అర్థంలో చూస్తే, మన ఒక్కో నిమిషంలో ఇరవై రెండు నిమిషాలు ఉండాల్సింది, తెర ముందు ఏడే మిగిలాయి. రెప్ప వేయనివాళ్లు దేవతలు, వాళ్లకు అనిమిషులని పేరు. దమయంతి స్వయంవరంలో నలుగురు దేవతలు నలుడి రూపంలోనే వచ్చి కూర్చుంటే, అసలు నలుణ్ని ఆమె పోల్చుకున్న ఆనవాళ్లలో రెప్పపాటు ఒకటి. చెమట పట్టేవాడు, మెడలో దండ వాడిపోయేవాడు, రెప్ప వేసేవాడు మనిషి. ఆ కథ చిన్నప్పటినుంచీ విన్నదే. అందులో రెప్ప ఎందుకంత ముఖ్యమో ఈ వారమే అర్థమైంది.

మంగళవారం పూట మా డెస్కులో ఒక కుర్రాణ్ని, వాడికి చెప్పకుండా, పక్క సీట్లోంచి మూడు నిమిషాలు గమనించాను. జిల్లా పేజీ దిద్దుతున్నాడు. మొదటి నిమిషంలో ఐదు రెప్పలు. రెండో నిమిషంలో హెడ్డింగు కుదరక తల పైకెత్తి ఫ్యాను వంక చూశాడు, ఆ కాస్తలోనే నాలుగు. మళ్లీ తెర మీదికి వంగాడు, ఆగిపోయాయి. ఇంకొకటి కూడా కనిపించింది. వాడి పై రెప్ప చాలాసార్లు సగం దాకా దిగి వెనక్కి వెళ్లిపోతోంది. కింది రెప్పను తాకడమే లేదు. న్యూయార్క్‌లో రోసెన్‌ఫీల్డ్ బృందం 2013లో సరిగ్గా దీన్నే చూసింది. సగం రెప్పలు ఎక్కువగా ఉన్నవాళ్లలో కంటి బాధలూ ఎక్కువగా ఉన్నాయి. శబ్దం వినిపించి, ఎక్కువసార్లు రెప్ప వేసేలా చేసినా బాధలు చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. ఎన్నిసార్లు వేశామన్నదే కాదు, పూర్తిగా మూశామా లేదా అన్నదీ లెక్కే. సగం రెప్ప కింద కంటి దిగువ భాగం తడవకుండానే ఉండిపోతుంది, నూనె గ్రంథుల మీద ఒత్తిడీ పడదు.

జపాన్ ఉత్తరంలో రెండో లెక్క కూడా ఉంది. దాన్ని ఎవరూ అంతగా పట్టించుకోరు. నాకు మొదటి లెక్క కన్నా అదే ఇష్టం. రెప్పల మధ్య బయటికి కనిపించే కంటి భాగం ఎంతో కొలిచారు. ఊరికే కూర్చున్నప్పుడు 2.2 చదరపు సెంటీమీటర్లు. తెర చూస్తున్నప్పుడు 2.3. బల్ల మీద పుస్తకం పెట్టి చదువుతున్నప్పుడు 1.2 మాత్రమే. కిందికి చూసినప్పుడు పై రెప్ప సగం తలుపు వేసి కంటికి కాపు కాస్తుంది. కంటికి రెప్పలా అని మనం అనేది ఉత్తి మాట కాదు. తెరను ఎదురుగా, కంటి ఎత్తుకు పెట్టుకుంటే ఆ తలుపు పూర్తిగా తెరుచుకుంటుంది. ఆవిరయ్యే చోటు దాదాపు రెట్టింపవుతుంది. పైగా తలమీద ఏసీ గాలి.

ల్యాప్‌టాప్‌తో ఇక్కడే చిక్కు. తెర, కీబోర్డు ఒకే కీలుకు వేలాడుతుంటాయి. కిందికి పెడితే కంటికి మేలు, మెడకు చేటు. మెడ కోసం స్టాండు ఎక్కిస్తే చేతులు గాల్లో ఉంటాయి, కళ్లు బార్లా తెరుచుకుంటాయి. విడిగా కీబోర్డు పెట్టుకుని, తెర పై అంచు కంటి మట్టానికి కాస్త కిందే ఉండేలా ఎత్తు చూసుకోవాలి. చూపు తెర నడిమికి వాలుగా దిగాలి. ఎత్తు ఎంత పెంచితే అంత మంచిదనుకునేవాళ్లకు ఈ 1.2, 2.3 అంకెలు చూపించాలనిపిస్తుంది.

చరిత్ర క్లుప్తంగా చెప్పేస్తాను. ఈ గొడవ మొదలైన చోట్లలో పత్రికాఫీసు ఒకటి. 1977లో న్యూయార్క్ టైమ్స్‌లో ఇద్దరు యువ కాపీ ఎడిటర్లకు శుక్లాలు వచ్చాయి, కంప్యూటర్ తెరల రేడియేషనే కారణమని యూనియన్ పట్టుపట్టింది. 1983లో అమెరికా నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ నివేదిక, తెరలవల్ల కన్ను దెబ్బతింటుందనడానికి ఆధారం లేదని, బాధలకు మూలం వెలుతురు, కుర్చీ, పని తీరులాంటి వాటిలో వెతకాలని చెప్పింది. 1990లో ఐరోపా దేశాలు తెర ముందు పనిచేసే ఉద్యోగులకు కంటి పరీక్షలను హక్కుగా చేశాయి. తర్వాత బల్లమీది పెట్టె ఒళ్లోకి వచ్చింది, ఒళ్లోంచి మంచం మీదికి వచ్చింది.

ఇక తలనొప్పి. మంట రెప్పల లెక్క అయితే, తలపోటు కొంతవరకు కంటి కండరాల లెక్క. అర మీటరు దూరంలోని తెర స్పష్టంగా కనపడాలంటే కంటి కటకం రెండు డయాప్టర్ల మేర ఉబ్బి ఉండాలి, రెండు కళ్లూ ముక్కు వైపు కాస్త తిరిగి ఉండాలి. గంటల తరబడి. పిడికిలి బిగించి సాయంత్రం దాకా ఉంచడం లాంటిది ఇది. దగ్గరి చూపు కోసం కళ్లు లోపలికి తిరగడంలో బలహీనత ఉన్నా, ‘ఇంతే కదా’ అని వదిలేసిన అర పాయింటు సిలిండర్ నంబరు ఉన్నా, ఆ పిడికిలి ఇంకా బిగుస్తుంది. నలభై దాటితే మరీను. ఆ వయసులో దగ్గరి చూపు మందగించడానికి మనవాళ్లు చత్వారమని పేరు పెట్టారు, ఆ పేరులోనే నలభై ఉంది. చత్వారపు అద్దాలు పుస్తకం దూరానికి కొలిచి ఇస్తారు. ల్యాప్‌టాప్ దానికన్నా దూరంగా ఉంటుంది. దూరానికీ దగ్గరకీ కలిపిచ్చిన జోడుతో ల్యాప్‌టాప్ చూసేవాళ్లు కింది అద్దంలోంచి కనపడాలని గడ్డం పైకెత్తుతారు. రాత్రికి మెడ వెనకనుంచి నొప్పి తలలోకి పాకుతుంది. కంటి పరీక్షకు వెళ్లేటప్పుడు మీ కుర్చీనుంచి తెరదాకా దూరం టేపుతో కొలిచి రాసుకెళ్లండి. ఆ ఒక్క అంకె ఇస్తే అద్దాల నంబరు మీ పనికి సరిపోతుంది.

తెలుగు చదివేవాళ్లకు ఇంకో భారం ఉంది. మన అక్షరాలకు కింద ఒత్తులు, పైన తలకట్లు, పొట్టలో చుక్కలు. థకీ ధకీ తేడా ఒక్క చుక్క. ప, వ, మ మధ్య తేడా గోరంత. ఇంగ్లిష్ చదివే సైజులోనే తెలుగు చదవాలని చూస్తే కన్ను ముందుకు వంగుతుంది, దానితో మెడా వంగుతుంది. తెలుగు పేజీ తెరిచినప్పుడు అక్షరాలను ఒకటి రెండు మెట్లు పెద్దవి చేసుకోండి. మందుల కన్నా ముందు చేయాల్సిన పని ఇది.

నీలి అద్దాల సంగతి

తెర ముందు పనిచేస్తానని చెప్పగానే ఒక కళ్లద్దాల షాపులో నాకు ‘బ్లూ కట్’ కోటింగ్ అంటగట్టారు. రెండేళ్లు వాడాను, తలనొప్పి తగ్గలేదు. 2023లో కోక్రేన్ అనే వైద్య పరిశోధనా సంస్థ సమీక్ష 17 ప్రయోగాలను ఒకచోట చేర్చి చూసింది. మామూలు అద్దాలతో పోలిస్తే కంటి అలసట విషయంలో వీటికి స్వల్పకాలంలో అదనపు లాభం ఉన్నట్టు కనిపించలేదు. అమెరికా కంటి వైద్యుల అకాడమీ కూడా కంప్యూటర్ పనికోసం వీటిని సిఫారసు చేయడం లేదు. ఆ డబ్బు సరైన పరీక్షకు పెట్టండి.

కనపడని మినుకు

కొన్ని ల్యాప్‌టాప్‌లు వెలుతురు తగ్గించడానికి తెర దీపాన్ని సెకనుకు వందలసార్లు ఆర్పి వెలిగిస్తాయి. కంటికి తెలియదు, కొందరి తలకు తెలుస్తుంది. 1989లో బ్రిటన్‌లో విల్కిన్స్ బృందం ఒక ఆఫీసులో ట్యూబ్‌లైట్లను ఇలాగే పరీక్షించింది. మామూలు చోక్‌తో సెకనుకు 100 సార్లు మినుకుమనే లైట్ల బదులు అతివేగపు బ్యాలస్ట్ లైట్లు వాడినప్పుడు తలనొప్పులు, కంటి బాధలు సగానికి పైగా తగ్గాయి. ఒక ల్యాప్‌టాప్‌తో బాగుండి, ఇంకోదానితో అరగంటకే తల పగిలిపోతుంటే ఫోన్ కెమెరా స్లో మోషన్‌లో తెరను తీసి చూడండి. నల్లచారలు కదులుతుంటే, తెర వెలుతురు బాగా తగ్గించకుండా గదిలో దీపం వేసుకుని పనిచేయండి.

ఆగకూడని సందర్భాలు

ఉన్నట్టుండి చూపు తగ్గినా, ఒకటి రెండుగా కనిపించినా, దీపాల చుట్టూ రంగుల వలయాలతో కంటినొప్పి, వాంతులు వచ్చినా, ముందెన్నడూ లేనంత తలనొప్పి ఒక్కసారిగా వచ్చినా దాన్ని ల్యాప్‌టాప్ మీదికి నెట్టేయొద్దు. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఒకవైపే పోటుపెడుతూ వెలుతురు గిట్టకపోతే అది పార్శ్వపు నొప్పి కావచ్చు, దానికి వైద్యం వేరు.

బుధవారం మధ్యాహ్నం ఈ కాపీని మా సీనియర్ ప్రూఫ్ రీడర్‌కి పంపాను. మేమంతా అక్కా అని పిలుస్తాం. ఆవిడ తెర మీద ప్రూఫ్ చూడరు, కాగితం కావాల్సిందే. కాగితం దండగని ఆఫీసులో చాలాసార్లు మాట వచ్చింది, ఆవిడ మాత్రం మానలేదు. ప్రింటు తీసి బల్ల మీద పరిచి, స్కేలు అడ్డం పెట్టుకుని వరస వరసా దిగుతున్నారు. ఎదురుగా కూర్చుని చూశాను. పై రెప్పలు సగానికి వాలి ఉన్నాయి. నిమిషానికి పదకొండు లెక్కకు వచ్చాయి, అన్నీ పూర్తిగా మూసినవే.

నలుడి పేరాలో ఆవిడ ఎర్ర పెన్ను ఆగింది. "ఇక్కడ ‘ఈ వారమే అర్ధమైంది’ అని కొట్టావు. సగమైందా నాయనా?" అన్నారు. తెర మీద నేను మూడుసార్లు, సబ్ ఎడిటర్ ఒకసారి చదివి దాటేసిన అక్షరం అది. ధని కొట్టేసి, పక్కన మార్జిన్‌లో థ రాసి, పొట్టలో చుక్క పెట్టారు.