ఇల్లు విడిచిన పిల్లలకు నీడ ఎక్కడ?

మార్కులు తక్కువ వచ్చాయని, నాన్న తాగొచ్చి కొడుతున్నాడని, చదువు మాన్పించి పెళ్ళి చేస్తామంటున్నారని ఇల్లు విడిచి వెళ్ళిపోయే పిల్లలు ఎందరో ఉన్నారు. హాస్టల్ గోడ దూకి వెళ్ళేవారూ లేకపోలేదు. మనం మాత్రం "పారిపోయాడు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తాము. ఆ తరువాత వారికి ఏమవుతుందో, చట్టం వారికి ఏ అండ ఇచ్చిందో తోటి విద్యార్థులకు తెలియాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

అలా వెళ్ళినవారిలో చాలామంది తేలేది రైల్వే స్టేషన్‌లో. విజయవాడనే తీసుకోండి. చెన్నై, హౌరా, హైదరాబాద్ వైపు దారులు కలిసే పెద్ద జంక్షన్ అది. టికెట్ లేకుండా ఎక్కినవాడు అక్కడ దిగుతాడు. ఆకలి వేస్తుంది. మొదట పలకరించినవాడు మంచివాడైతే సరే, కాకపోతే హోటల్లో ప్లేట్లు కడగడం, చిత్తు కాగితాలు ఏరడం, వైట్‌నర్ పీల్చడం అలవాటవుతాయి. ఇలాంటి పిల్లల కోసమే ఆ ఊళ్ళో డాన్‌బాస్కో ఫాదర్లు 1989లో నవజీవన్ బాలభవన్ ప్రారంభించారు.

1098 నంబరు మీరు వినే ఉంటారు. పది, తొమ్మిది, ఎనిమిది అని వెనక్కి లెక్కపెడితే గుర్తుండిపోతుంది. 1996లో ముంబయిలో మొదలైన ఈ ఉచిత ఫోన్ సేవను 2023 నుంచి ప్రభుత్వమే నడుపుతూ 112తో కలిపింది. రాత్రయినా, పగలయినా పిల్లలే చేయవచ్చు, చూసినవారు ఎవరైనా చేయవచ్చు.

2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం 18 ఏళ్ళు నిండని ఇలాంటివారు నేరస్థులు కారు, సంరక్షణ అవసరమైన బాలలు. దొరికిన పిల్లవాణ్ణి, ప్రయాణ సమయం పోను, 24 గంటలలోగా బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరుపరచాలి. కమిటీలో చైర్‌పర్సన్, నలుగురు సభ్యులు ఉంటారు. కుటుంబ పరిస్థితులపై విచారణ 15 రోజుల్లో పూర్తి కావాలి. అంతవరకు ఓపెన్ షెల్టర్‌లోనో, బాలల గృహంలోనో తాత్కాలికంగా ఉంచుతారు.

అక్కడ జరిగే కౌన్సెలింగ్ అంటే బుద్ధులు చెప్పడం అని చాలామంది అనుకుంటారు. బుద్ధులు చెప్పేవారికి ఇంటి దగ్గరా కొదవ లేదు కదా! మంచి కౌన్సెలర్ ముందు అన్నం పెట్టించి, స్నానం చేయించి, కంటినిండా నిద్రపోనిస్తారు. భయంతో తప్పుడు పేరు, తప్పుడు ఊరు చెప్పే పిల్లలుంటారు. గద్దిస్తే ఇంకా బిగుసుకుపోతారు. నమ్మకం కుదిరితే అసలు సంగతి వారే చెబుతారు. తరువాత తల్లిదండ్రులతో విడిగా మాట్లాడతారు. ఇంటికి పంపే ముందు పిల్లవాడి ఇష్టాన్ని కూడా కమిటీ పరిగణనలోకి తీసుకోవాలి. కొట్టే ఇంటికే మళ్ళీ పంపితే అతను మళ్ళీ రైలెక్కుతాడు.

18 నిండితే ఈ కమిటీ పరిధిలోకి రారు. డిగ్రీలో చేరిన మన అన్నలు, అక్కలు కష్టంలో పడితే ఇంత పకడ్బందీ ఏర్పాటు లేదు. ఇది పెద్ద లోటని మా అభిప్రాయం. మనసు బాగోలేనప్పుడు మాట్లాడడానికి 2022లో వచ్చిన టెలి మానస్ 14416 ఉంది. తెలుగులోనే మాట్లాడవచ్చు, ఖర్చు లేదు.

ఇంకొక సంగతి. దొరికిన పిల్లల ఫోటో, పేరు, బడి వివరాలు పత్రికల్లో గానీ మరే విధంగా గానీ బయటపెట్టడాన్ని ఇదే చట్టం నిషేధించింది. వాట్సాప్ గ్రూపులో మీకు అలాంటి ఫోటో వస్తే ముందుకు పంపకండి, 1098కి ఫోన్ చేయండి.